బరంపురంలో బేస్ సెటప్: నాలుగు తీగల మీదే కింది బి

నాలుగు తీగల బేస్ గిటార్‌ని కింది శ్రుతికి మార్పించుకోవాలంటే భువనేశ్వరో విశాఖపట్నమో పరుగెత్తక్కర్లేదు. మన బరంపురంలోనే, బడా బజార్ దగ్గర సందులో, హార్మోనియాలూ గిటార్లూ బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. షాపుకి బోర్డు కూడా ఉండదు. నా యమహా టీఆర్‌బీఎక్స్ 174 ఆయన చేతికే ఇచ్చాను. పని చాలా బాగుంది.

మా ఆర్కెస్ట్రా పెళ్లిళ్లకీ, ఠాకురాణి జాతర స్టేజీలకీ వాయిస్తుంది. తెలుగు, ఒడియా రెండు భాషల పాటలూ ఉంటాయి. మా గాయకుడు ఎక్కువగా సి, సి షార్ప్‌లో పాడతాడు. మామూలు బేస్‌లో తీగలు ఇ, ఎ, డి, జి; అన్నిటికంటే కింది స్వరం ఇ. అంటే పాట శ్రుతిని ఎ తీగ మూడో ఫ్రెట్ (గిటార్ మెడ, అంటే నెక్ మీది అడ్డ మెట్టు) మీద పట్టుకోవాలి, అంతకంటే కింద సి దొరకదు. ఐదు తీగల బేస్ కొనొచ్చు. కానీ ఈ నెక్ నా చేతికి బాగా అలవాటైంది, వదులుకోబుద్ధి కాలేదు. అందుకే జి తీగ తీసేసి బి, ఇ, ఎ, డి వేయించాలనుకున్నాను.

అంతకుముందు వేరే ఊళ్లో ఒక షాపులో అడిగితే, "ఉన్న తీగలే వదులు చేసుకో, సరిపోతుంది" అన్నారు. అది తప్పు సలహా. ఇ తీగ సెకనుకి 41 సార్లు కంపిస్తుంది, కింది బి దాదాపు 31 సార్లు, అంటే సుమారు ముప్పావు వంతు. బిగువు ఆ సంఖ్య వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి పదహారు పాళ్లలో తొమ్మిది పాళ్లే మిగులుతుంది. అంత వదులైన తీగ ప్రతి ఫ్రెట్‌కీ తగిలి గరగరమంటుంది. నాలుగు తీగలూ అలా వదులైతే నెక్‌ని ముందుకు లాగే బలం పోయి, అది వెనక్కి వాలుతుంది కూడా.

పెద్దాయన మొదట గిటార్ ముట్టుకోలేదు. "వేళ్లతో వాయిస్తావా, పిక్‌తోనా బాబూ? గట్టిగా కొడతావా?" అని అడిగారు. కాసేపు వాయించమని నా కుడిచేతి వైపే చూశారు. తర్వాత ఐదు తీగల సెట్ తెచ్చుకోమన్నారు. నేను డి'అడారియో ఈఎక్స్‌ఎల్ 170-5 కొన్నాను. అందులో తీగల మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో 45, 65, 80, 100, 130. సన్నటి 45 పక్కన పెట్టి మిగతా నాలుగూ వేశారు.

అసలు పనితనం నట్ దగ్గర, అంటే నెక్ చివర తీగలు కూర్చునే గాళ్ల పట్టీ దగ్గర కనిపించింది. 130 తీగ అంటే 3.3 మిల్లీమీటర్ల మందం, అది పాత ఇ గాడిలో కూర్చోదు. పాత నట్‌ని అరగదీసేయకుండా జాగ్రత్తగా ఊడదీసి, ఒక కవర్లో పెట్టి నా చేతికిచ్చారు, ఎప్పుడైనా మామూలు శ్రుతికి తిరిగి వెళ్లాలంటే ఉంటుందని. ఎముకతో కొత్తది చెక్కారు. ఆకురాయిని హెడ్ వైపు కొంచెం వాల్చి, రెండు మూడు సార్లు రుద్దడం, తీగ పెట్టి చూడడం, మళ్లీ రుద్దడం. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి, మొదటి ఫ్రెట్ మీద సన్నటి కాగితం దూరేంత సందు మిగిలాక ఆపారు. ఆ ఓపిక నాకు ఎంత నచ్చిందో! బి తీగ కొస కత్తిరించే ముందు దాన్ని పట్టకారుతో లంబంగా వంచారు. అలా వంచకపోతే పైచుట్టు జారి తీగ మూగబోతుందట.

నెక్ వంపుని సరిచేసే లోపలి కడ్డీ, ట్రస్ రాడ్‌ని పావు చుట్టు కంటే తక్కువే వదులు చేశారు. నెక్ వంపు 0.35 మిల్లీమీటర్ల దగ్గర, పదిహేడో ఫ్రెట్ మీద బి తీగ ఎత్తు 2.8 దగ్గర కుదిరింది. నాకు ఇంకాస్త కిందికి ఉంటే బాగుండనిపించింది కానీ, లావు తీగ ఊగడానికి చోటు కావాలన్నారు. వాయించాక ఆయన మాటే సరైందని తేలింది. పన్నెండో ఫ్రెట్ దగ్గర బి స్వరం కొంచెం పైకి పలుకుతుంటే సాడిల్‌ని (తీగ రెండో కొస ఆనే ముక్కని) వెనక్కి జరిపారు. అక్కడ చోటు చాలక స్ప్రింగ్ కూడా కత్తిరించాల్సి వచ్చింది.

ఇప్పుడు సి షార్ప్ బి తీగ రెండో ఫ్రెట్‌లో నిండుగా పలుకుతోంది. పైన పోయింది ఐదు అరస్వరాలే. 24 ఫ్రెట్ల నెక్ కాబట్టి మా పాటలకి ఆ లోటు తెలియదు.

లోపాలు కూడా చెప్పాలి. చెప్పిన రోజుకి ఇవ్వలేదు, ఫోన్ చేస్తే ఎత్తరు. మా ప్రోగ్రాం దగ్గరపడి చాలా టెన్షన్ పడ్డాను. బేస్ తీగలు షాపులో దొరకవు. ఎముక నట్‌తో కలిపి 2,200 రూపాయలు తీసుకున్నారు. చేసిన పనికి అది ఎక్కువ కాదు.

మీకు ఎప్పుడో ఒక పాటకి డి మాత్రమే కావాలంటే ఇంత పని చేయించొద్దు. ఇ తీగ ఒక్కటే ఒక స్వరం దింపితే బిగువు ఐదో వంతే తగ్గుతుంది, 105 తీగ దాన్ని తట్టుకుంటుంది. బి దాకా వెళ్లేవాళ్లు మాత్రం మీ ఆంప్ (యాంప్లిఫయర్) కూడా వెంట తీసుకెళ్లండి. నా చిన్న ఆంప్‌లో బి మోగితే స్పీకర్ పగిలిపోతున్నట్టు వినిపించేది. ఆయనే ఆంప్ మీది బేస్ నాబ్ తగ్గించి, మిడ్ (మధ్య స్వరాల నాబ్) పెంచి చూపించారు. అప్పుడు స్వరం స్పష్టంగా బయటికొచ్చింది. పొద్దున్నే వెళ్తే ఆయన తీరిగ్గా మాట్లాడతారు. సాయంత్రం హార్మోనియం వాళ్లతో షాపు నిండిపోతుంది.