బైపాస్ మీదనా, బజారు నడుమనా? కొత్త మాల్ ఎక్కడ వస్తే పాలమూరుకు మేలు

పోయిన ఎండాకాలం మా చిన్నమ్మ కూతురి పెండ్లి బట్టలకు నేను తోడు పోయాను. చిన్నమ్మది కోయిలకొండ దిక్కు ఊరు. పొద్దున ఇంత బువ్వ తిని బయల్దేరి పదిన్నరకల్లా మా పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ బస్టాండులో దిగింది. వెంట ఆడబిడ్డ, పెద్దకోడలు, కోడలి చంకలో ఏడాది పిల్ల. ఎవరికీ బస్సు కిరాయి కాలేదు, అన్నీ జీరో టికెట్లే. 2023 డిసెంబర్ 9న పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైనప్పటి నుంచి మా బజారుకు వచ్చే మనుషులే మారిపోయారు. అంతకుముందు మగవాళ్లు బండి మీద వచ్చి ఏదో ఒకటి కట్టించుకుపోయేవాళ్లు. ఇప్పుడు ఆడవాళ్లు నలుగురైదుగురు కూడి వస్తున్నారు, నాలుగు చోట్ల చూస్తున్నారు, నచ్చకపోతే మళ్లీ వారం వస్తామని లేచిపోతున్నారు.

ఆ రోజు మూడు చోట్ల తిరిగాం. బైపాస్ మీది కొత్త కాంప్లెక్సు, క్లాక్‌టవర్ దిక్కు ఈమధ్యనే తెరిచిన నాలుగంతస్తుల షాపింగ్ మాల్, దాని వెనక గల్లీలో మా అమ్మ కాలం నుంచి తెలిసిన బట్టల దుకాణం. ఇంటికి వచ్చి కాళ్లు చాపుకుని కూర్చున్నాక కూడా నా మనసు ఒక్కదాని మీదనే ఉంది. ఈ మూడింటిలో ఊరి నడుమను బతికించేది ఏది?

మన జిల్లా కేంద్రాల్లో షాపింగ్ మాల్ అంటే చాలావరకు పెద్ద బట్టల దుకాణమే. కింద పిల్లల బట్టలు, పైన చీరలు, ఆపైన మగవాళ్లవి. ప్రారంభానికి సినిమా తార వస్తుంది, రోడ్డంతా జనం. మహబూబ్‌నగర్ అయినా నల్లగొండ అయినా ఇదే తీరు. దాని వెంట మండి రెస్టారెంట్, కేక్ షాపు, ఫుడ్ కోర్టు వస్తున్నాయి. మా దగ్గర 2021 సెప్టెంబర్‌లో ఏవీడీ మల్టీప్లెక్స్ తెరిచారు. పెద్ద తెర మీద సినిమా చూడాలంటే హైదరాబాదు బస్సెక్కాలన్న మాట దాంతో పోయింది. కొత్తవి వద్దనే మనిషిని కాను నేను. అవి ఎక్కడ వస్తున్నాయి, వాటి తలుపు ఎటు తెరుచుకుంటోంది అన్నదే నా బాధ.

ముందు బైపాస్ సంగతి. కారున్న కుటుంబానికి అంతకంటే సుఖం లేదు. బండి పెట్టుకోవడానికి కావలసినంత జాగా, ట్రాఫిక్ గోల లేదు, పిల్లలు ఆడుకోవడానికి ఒక మూల. కట్టేవాళ్లకూ అదే తేలిక, ఊళ్లో గజం ధరతో చూస్తే స్థలం చవక, పాత గోడలు కూల్చే పని లేదు. కాని మేం దిగింది బస్టాండులో. అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవాలి. రాను ఒక కిరాయి, పోను ఇంకో కిరాయి. "బస్సు ఫిరీ అన్నరు, ఆటోకు ఇస్తుంటిమి గద బిడ్డా" అంది చిన్నమ్మ. పోయాక అక్కడ చీరలు నచ్చలేదు. నచ్చకపోతే పక్క దుకాణం చూద్దామంటే పక్కన ఇంకో దుకాణమే లేదు, రోడ్డు, దాని అవతల ప్లాట్ల రాళ్లు. పిల్లకు పాలు కావాలన్నా, చెప్పు తెగినా, మందుగోలీ కావాలన్నా మళ్లీ ఆటోనే. బైపాస్ మీద ఖర్చు పెట్టిన రూపాయి ఆ ఒక్క గల్లాపెట్టెలో పడి అక్కడే ఉంటుంది, పది చేతులు మారదు. నాకు అన్నిటికంటే పెద్ద లోపంగా కనిపించింది ఇదే.

హైవే హోటల్ సంగతి వేరు. జడ్చర్ల దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద కర్నూలు, బెంగళూరు పోయే బండ్లు ఆగుతాయి, ఆ హోటళ్లు అక్కడే ఉండాలి. దారిన పోయేవాడికి ఊరితో పని లేదు. ఊరికని వచ్చినవాళ్లను ఊరి బయటికి తిప్పడమే తప్పు.

ఇక నడిబజారులోని మాల్. బస్టాండు నుంచి నడిచే పోయాం. దారిలో చిన్నమ్మ మూడు చోట్ల ఆగింది. గాజులు చూసింది, పసుపు కుంకుమల ధర అడిగింది, చెరుకురసం తాగించింది. మాల్ గుమ్మం దగ్గర మాత్రం కాస్త వెనకాడింది, చెప్పులు విడవాలా అని. లోపలికి పోయాక కుదుటపడింది. ఏసీ చల్లదనం, కూర్చోవడానికి కుర్చీ, ప్రతి చీర మీద ధర చీటీ. బేరం ఆడరానివాళ్లకు ఆ చీటీ ఎంత ధైర్యమో ఆ రోజే నాకు తెలిసింది. పాత దుకాణంలో గట్టిగా మాట్లాడేవాళ్లకు ఒక ధర, నోరు లేనివాళ్లకు ఇంకో ధర. ఇక్కడ సర్పంచు భార్యకూ మా చిన్నమ్మకూ ఒకటే చీటీ.

ఇంకోటి, మూడో అంతస్తులో ఆడవాళ్ల బాత్రూం. శుభ్రంగా ఉంది, నీళ్లు వస్తున్నాయి, తలుపుకు గొళ్లెం ఉంది. కోడలు పిల్లకు పాలిచ్చుకోవడానికి పక్కనే ఒక మూల దొరికింది. చిన్నదిగా అనిపించొచ్చు. పల్లె నుంచి వచ్చిన ఆడమనిషి పొద్దటి నుంచి సాయంత్రం దాకా బజారులో తిరగాలంటే నీళ్లు తాగడం మానుకునేది. మా అమ్మ అట్లనే చేసేది. నేనూ చేశాను. ఒకసారి ఒక కాంప్లెక్సులో తలనొప్పితో బాత్రూం ఎక్కడని అడిగితే స్టాఫ్‌కు మాత్రమే అని తాళం చూపించారు, ఆ రోజు ఏమీ కొనకుండానే ఇంటికి వచ్చాను. ఒక కొత్త భవనం ఊరి నడుమకు చేసే మేలును లెక్కేయాలంటే నేను ముందు ఈ తలుపునే చూస్తాను.

అసలు సంగతి మాల్ బయట కనిపించింది. చీరలు కొన్నాం, ఫాల్స్ కుట్టించాలి, పీకో చేయించాలి. మాల్ పక్కనే పాత బిల్డింగు మెట్ల కింద ఒక అక్క పీకో మిషన్ పెట్టుకుని కూర్చుంది. వెనక చెక్క పలకకు మేకులు కొట్టి దారం కండెలు గుచ్చింది, వరసలు వరసలుగా. పచ్చల్లోనే పది పదిహేను రకాలు. చీర అంచు చేతిలోకి తీసుకుని ట్యూబులైటు కింద చూడలేదు. లేచి మెట్ల మొదట్లోకి వచ్చి ఎండ వెలుతురులో పట్టి, రెండు కండెలు అంచుకు ఆనించి, ఒకటి వెనక్కి పెట్టేసింది. మాల్ వచ్చినప్పటి నుంచి పని ఎట్లుందని అడిగితే, పెండ్లిళ్ల రోజుల్లో తలెత్తే తీరిక లేదంది. ఎదురుగా మ్యాచింగ్ సెంటర్, దాని మీద మగ్గం వర్క్ చేసే పిల్లలు, పక్కన టైలర్. నాలుగంతస్తుల మాల్ చీర అమ్మి ఊరుకుంటుంది. ఆ చీర ఒంటి మీదికి రావాలంటే ఇంకో నలుగురి చేతులు పడాలి. మాల్ నడుమన ఉంటే ఆ నలుగురికీ కూలి గిట్టుతుంది, బైపాస్‌కు పోతే ఎవరికి వారు ఎండిపోతారు.

అయితే దీని వెనక ఒక ప్రమాదం ఉంది. మాల్ వచ్చిన ఏడాది రెండేళ్లలో చుట్టుపక్కల మడిగెల కిరాయిలు పెరుగుతాయి. ఓనరు అడ్వాన్సు పెంచుతాడు. మొదట లేచిపోయేది టైలర్, తరువాత గాజుల దుకాణం. వాటి జాగాలో సెల్‌ఫోన్ షోరూములు వస్తాయి. ఆ పీకో అక్క కూడా కిరాయి కిందటేడు కంటే పెరిగిందని చెప్పింది. గిరాకీ తెచ్చిన మాలే గిరాకీ మీద బతికేవాళ్లను తరిమేస్తుందేమో అన్న భయం నాకుంది.

ఇక పార్కింగు. సెల్లార్ కట్టేది బండ్ల కోసం, వాడేది గోడౌను కోసం. ఇది చాలా కాంప్లెక్సుల్లో కళ్లెదుట కనిపిస్తున్నదే. దాంతో వందల బైకులు రోడ్డు మీద, జనం డివైడర్ పక్కన నడక. రాష్ట్రంలో 2018 ఏప్రిల్ నుంచి ఒక నియమం ఉంది. మాల్స్, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట పార్కింగుకు పైసా తీసుకోవద్దు, గంటలోపు ఎంతదైనా బిల్లు చూపిస్తే అప్పుడూ వద్దు. మంచి నియమమే, కాని సెల్లార్ నిండా అట్టపెట్టెలుంటే అది ఎవరికి పనికొస్తుంది? పార్కింగుతో పోయేది కూడా కాదిది, నిప్పు భయం కూడా ఉంది. 2023 మార్చిలో సికింద్రాబాదు స్వప్నలోక్ కాంప్లెక్సులో మంటలు చెలరేగి ఆరుగురు యువతీయువకులు చనిపోయారు. అందుకే ఏ బహుళ అంతస్తుల కాంప్లెక్సులోకి పోయినా ముందు మెట్లు ఎక్కడున్నాయో చూసుకుంటాను.

మూడోది, వెనక గల్లీలోని పాత దుకాణం. పరుపు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చారు. సేటు చిన్నమ్మను చూడగానే ఆమె మామ పేరు చెప్పి పలకరించాడు. కట్నం బట్టలు, పెట్టుబడి చీరలు, పంచెలు ఇక్కడే తీసుకున్నాం. ఎందుకంటే ఉద్దెర. సగం ఇప్పుడు, సగం వడ్లు అమ్మినాక. ఖాతా పుస్తకం తీసి రాసుకున్నాడు, సంతకం కూడా అడగలేదు. మాల్‌లో కార్డు ఉన్నవాడికి ఈఎంఐ ఉంది, పొలం ఉన్నవాడికి ఏమీ లేదు. ఆ పుస్తకం మూతపడితే ఎన్ని ఇండ్లలో పెండ్లి ఖర్చుకు ఫైనాన్సు వాళ్ల దగ్గరికి పోవాలో మాల్ కట్టేవాళ్లకు కనిపించదు. నారాయణపేట చీర కావాలంటే కూడా సేటే అసలుదేదో నకిలీదేదో చెప్పి ఇచ్చాడు.

కాని గల్లీని ఉన్నదున్నట్టు ఉంచమని నేను చెప్పలేను. బాత్రూం లేదు. తీగలు నెత్తికి తగిలేలా ఉన్నాయి. ఫైరింజను లోపలికి రాదు. మురికి కాలువ మీద పలకలు కదులుతాయి, ఆడబిడ్డ కాలు అందులో పడబోయింది.

తిండి సంగతి కూడా ఇందులోనే చెప్పాలి. మధ్యాహ్నం మాల్ పైన ఉన్న రెస్టారెంటులో తిన్నాం. చిన్నమ్మ ఇన్నేళ్లలో పాలమూరు నడిబజారులో హోటల్‌లో కూర్చుని తినడం అదే మొదటిసారట. ఇరానీ చాయ్ హోటళ్లు మగవాళ్లవి, మిర్చి బండి దగ్గర నిలబడి తినాలి, అందుకని ఇంటి నుంచి రొట్టె కట్టుకొచ్చి బస్టాండులో తినేవాళ్లు. ఆడవాళ్లు నింపాదిగా కూర్చునే చోటు ఊరి నడుమ రావడం కొత్త కట్టడాలు చేసిన నిజమైన మేలు. దీన్ని బైపాస్ మీది మండికి తీసుకుపోయి పెడితే మళ్లీ అది కార్లవాళ్లకే దక్కుతుంది.

బండ్లవాళ్లను ఏం చేస్తున్నాం? రోడ్డు వెడల్పు, జంక్షన్ అందం, మాల్ ముందు ఖాళీ అని మొదట వాళ్లనే లేపుతారు. వీధి వ్యాపారుల చట్టం 2014 నుంచే ఉంది. సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు, చోటు నిర్ణయించే టౌన్ వెండింగ్ కమిటీలో నూటికి 40 మంది బండ్లవాళ్లే ఉండాలి, అందులో మూడో వంతు ఆడవాళ్లు. కేంద్రం 2020లో స్వనిధి పథకం పెట్టి వాళ్లకు మొదటి విడత 10,000 రూపాయల అప్పు కూడా ఇచ్చింది. అప్పిచ్చి బండి పెట్టించి, ఆ బండినే లారీలో ఎత్తుకుపోతే ఆ అప్పు ఎట్లా తీరాలి?

ఇక నా తీర్పు. బైపాస్ కంటే నడిబజారు మేలు, అందులో నాకు సందేహం లేదు. ఉత్త పాత గల్లీ కంటే కూడా, గల్లీ పక్కన మాల్ ఉండడం మేలు. అయితే అనుమతి ఇచ్చేటప్పుడే కొన్ని తేల్చుకోవాలి. మాల్ కింది అంతస్తు రోడ్డు వైపు మొత్తం అద్దం గోడ కట్టి మూసేయకుండా చిన్న చిన్న మడిగెలుగా తెరవాలి, వాటిలో కొన్ని పీకో, టైలర్, గాజులవాళ్లకు స్థిరమైన కిరాయికి దక్కాలి. బాత్రూం కొన్నవాళ్లకే కాక బజారుకు వచ్చిన అందరికీ తెరిచుండాలి. సెల్లార్ సెల్లార్‌గానే ఉండాలి. లోపల చీరలు పరిచే ఆడపిల్లలకు పొద్దంతా నిలబడే శిక్ష పోవాలి. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవాళ్లు కూర్చునే హక్కును చట్టంలో పెట్టాయి, ఇక్కడి కౌంటర్ల వెనక కూడా ఒక స్టూలు వేయడానికి ఎంతవుతుంది? మాల్ దగ్గర పన్ను వసూలవుతుంది కదా, అందులోంచి వెనక గల్లీ కాలువకు పలకలు, తీగలకు పైపులు వేయాలి. మహబూబ్‌నగర్ 2025లో కార్పొరేషన్ అయింది. ఇవన్నీ అడగడానికి మనకు ఇప్పుడు కార్పొరేషన్ ఆఫీసే ఉంది.

జాకెట్లకు చిన్నమ్మ మళ్లీ శుక్రవారం వచ్చింది. ఈసారి నాకు ఫోన్ చేయలేదు. పీకో అక్క దగ్గర సంచి పెట్టి, కోడలినీ పిల్లనూ మూడో అంతస్తులో కూర్చోబెట్టి, గల్లీలోకి పోయి సేటు బాకీ కొంత కట్టి, ఐదింటి బస్సుకు పోయిందట.