సోలార్ కెమెరానా, వైరు కెమెరానా? విశాఖలో కరెంటు లెక్క

ఈ రెండు నెలల్లో నన్ను చాలామంది అడిగిన ప్రశ్న ఇదే: "ఇంటికి ఏఐ కెమెరాలు పెట్టిద్దామనుకుంటున్నాం, సోలార్‌ది మేలా, వైరుది మేలా? కరెంటు దేనికి తక్కువ ఖర్చవుతుంది?" సాగర్ నగర్‌లో మా ఇంటికి ఒక రకం, ఆనందపురం దగ్గర మా అక్కావాళ్ల స్థలానికి ఇంకో రకం ఈమధ్యే పెట్టించాను. రెండూ దగ్గరుండి చూశాను కాబట్టి చెప్పగలను. మెగాపిక్సెళ్లు, యాప్‌ల సంగతి మీకు తెలిసిందే, వాటి జోలికి పోను.

ముందు ఒక అపోహ తీరాలి. ఏఐ అనగానే కరెంటు బాగా తాగుతుందని భయపడతారు. వచ్చింది మనిషా, కుక్కా, బండా అని గుర్తుపట్టే పని కెమెరాలోని చిప్పే చేసుకుంటే దానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. ఎక్కువ తాగేది రాత్రి వెలుగు. గేటు కెమెరాను గోడకు బిగించే ముందు అడాప్టర్‌కు వాట్‌మీటర్ తగిలించి వరండాలో పెట్టి కూర్చున్నాను. వెలుతురు ఉన్నంతసేపూ అంకె 4 వాట్ల దగ్గరే ఉంది. చీకటి పడ్డాక లోపల టక్‌మని చిన్న చప్పుడు అయింది. లెన్స్ వెనక ఉండే ఫిల్టర్ పక్కకు జరిగిన చప్పుడది. వెంటనే చుట్టూ చీకట్లో చూడటానికి పనికొచ్చే ఇన్‌ఫ్రారెడ్ లైట్లు ఎర్రటి చుక్కల్లా వెలిగాయి, అంకె 7కు ఎక్కింది. నేను ఎదురుగా నడిచాను, చేతులు ఊపాను. యాప్‌లో నా చుట్టూ గీత గీసి మనిషి అని చూపించింది కానీ, మీటరులో అంకె దాదాపు కదల్లేదు. రాత్రిపూట కూడా రంగుల్లో కనిపించాలని తెల్ల లైటు వేస్తే మాత్రం 9 దాటింది.

ఏఐ వల్ల కరెంటు నిజంగా మిగిలేది కూడా ఇక్కడే. ఇప్పుడొచ్చే చాలా కెమెరాల్లో మామూలుగా ఇన్‌ఫ్రారెడ్‌తో నడిచి, మనిషి కనిపిస్తేనే తెల్ల లైటు వెలిగే పద్ధతి ఉంది. రాత్రంతా తెల్ల లైటు వెలిగించే కెమెరాతో పోలిస్తే ఇది మేలు. పైగా పురుగులు తక్కువ చేరతాయి. పురుగులు చేరితే సాలీడు వస్తుంది, లెన్స్ ముందు గూడు కడుతుంది. పాత రకం కెమెరా ఆ దారం ఊగినప్పుడల్లా ఏదో కదిలిందని రాత్రంతా అలారం పంపేది.

ఏఐ ఎక్కడ కూర్చుందన్నది కూడా అడిగి తెలుసుకోండి. కెమెరాలో ఉంటే మామూలు ఎన్‌వీఆర్ (కెమెరాల వీడియో రికార్డు చేసే డబ్బా) సరిపోతుంది. గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటరులో నడిపిద్దామనుకుంటే ఆ డబ్బా ఒక్కటే నాలుగు కెమెరాలకంటే ఎక్కువ తింటుంది. క్లౌడ్‌లో, అంటే నెట్ ద్వారా ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటర్లలో ఉంటే ఇంట్లో వాట్లు తగ్గినట్టే కనిపిస్తాయి కానీ, వీడియో పంపుతూనే ఉండాలి, నెట్ పోయిన క్షణం ఆ తెలివి కూడా పోతుంది.

ఇక బిల్లు. నాలుగు వైరు కెమెరాలు, ఒకే కేబుల్‌లో నెట్‌నూ కరెంటునూ వాటికి పంపే పీఓఈ స్విచ్, ఎన్‌వీఆర్, అందులో హార్డ్‌డిస్క్ అన్నీ కలిపి మా ఇంట్లో 40 వాట్ల చుట్టుపక్కల ఉంటుంది. అంటే నెలకు దాదాపు 29 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలనుకుంటే 175 రూపాయల లోపే. సోలార్‌కు ఇది సున్నా. ఈ తేడా చూసి సోలార్ వైపు మొగ్గేవాళ్లున్నారు. నాకైతే ఈ నగరంలో బిల్లు అసలు విషయమే కాదు. కరెంటు పోయినప్పుడు కెమెరా ఎన్ని గంటలు మేలుకుని ఉంటుందన్నదే ముఖ్యం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకినప్పుడు ఇక్కడున్నవాళ్లకు వివరించనక్కర్లేదు. ఎన్నో వీధులు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఆ తర్వాత నగరంలో కొన్నిచోట్ల తీగలు భూమిలోకి దించారు కానీ, అక్టోబరు, నవంబరు వచ్చిందంటే నాకు ఇప్పటికీ టెన్షనే. తలుపులు విరిగి, గోడలు పడి, ఊరంతా చీకటైన రాత్రే ఇంటికి కాపలా కావాలి.

అందుకే లెక్క వేసుకున్నాను. ఇంట్లో ఉండే 12 వోల్టుల 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్లు (ఒక వాటు గంటసేపు వాడితే ఒక వాట్ అవర్) ఉంటాయి. బ్యాటరీని అడుగంటా వాడకూడదు, మార్పిడిలో కొంత పోతుంది, చేతికొచ్చేది 1150 అనుకుందాం. ఇన్వర్టర్ తన కోసం తినే 15-20 వాట్లు కూడా కలిపితే 40 వాట్ల కెమెరా సెట్టు దాదాపు 20 గంటలు నడుస్తుంది. పాత రకం ఫ్యాన్లు రెండు తిరిగితే ఆరు గంటలు కూడా రాదు. అందుకని కరెంటు పోయి గంట దాటితే ఏం చేయాలో ముందే అనుకుని పెట్టాను. ఎన్‌వీఆర్ ఆపేస్తాను, ప్రతి కెమెరాలో ఎస్‌డీ కార్డు ఉంది కాబట్టి రికార్డింగ్ ఆగదు. పెరటివైపు రెండు కెమెరాల వైర్లు పీకేస్తాను. గేటు, మెట్లు చూసే రెండే ఉంటాయి. అప్పుడు కెమెరాలు, స్విచ్ కలిపి 15 వాట్లకు దిగుతుంది. ఫ్యాన్లు కట్టేస్తే ఒకటిన్నర రోజు ధైర్యంగా ఉండొచ్చు.

సోలార్ కెమెరా లెక్క వేరు. దానికి వాట్లు చూడకూడదు, రోజుకు ఎన్నిసార్లు నిద్ర లేస్తుందో చూడాలి. మామూలుగా అది పడుకునే ఉంటుంది. వేడిని పసిగట్టే పీఐఆర్ సెన్సర్ ఒక్కటే మేలుకుని ఉంటుంది. అది తట్టి లేపితే కెమెరా లేచి రికార్డు చేస్తుంది. ఒకసారి లేచి అర నిమిషం 3 వాట్లతో పనిచేస్తే 0.025 వాట్ అవర్ ఖర్చు. 10,000 ఎంఏహెచ్ బ్యాటరీలో ఉండేది 37 వాట్ అవర్లు. నిద్రలో రోజుకు 0.7 పోతుందనుకుంటే, పదిసార్లు లేచే కెమెరా ఎండ లేకున్నా నెల దాటి నడుస్తుంది. 200 సార్లు లేస్తే వారం కూడా రాదు. చాలా రకాల్లో కెమెరా లేచాకే ఏఐ చూసి కుక్కో మనిషో తేలుస్తుంది. ఫోన్‌కు అలారం రాకపోవచ్చు, బ్యాటరీ మాత్రం తరిగిపోయే ఉంటుంది.

అక్కావాళ్ల స్థలంలో జరిగింది అదే. "తమ్ముడూ, కెమెరా మళ్లీ ఆగిపోయిందిరా" అని నెలలో మూడోసారి ఫోన్ చేసింది. వెళ్లి చూస్తే కెమెరా సగం రోడ్డుకే తిరిగి ఉంది. పోయే ప్రతి ఆటోకీ, ఆవుకీ లేస్తోంది. మిగతా సగంలో కొబ్బరి మట్ట ఒకటి మధ్యాహ్నం ఎండకు కాగి గాలికి ఊగుతోంది. దానికీ లేస్తోంది. ప్యానెల్‌ను తీగకు అనువుగా ఉందని తూర్పుకు బిగించారు. కెమెరాను లోపలికి తిప్పించాను, మట్ట కొట్టించాను, ప్యానెల్‌ను దక్షిణానికి తిప్పి 18 డిగ్రీల వాలులో పెట్టించాను. మన అక్షాంశానికి ఆ వాలు సరిపోతుంది. ఇప్పుడు రోజుకు పది పన్నెండుసార్లకు మించి లేవడం లేదు.

అయినా రోడ్డు పక్క గేటుకు నేను సోలార్ పెట్టను. లేచేలోపు మొదటి క్షణాలు తప్పిపోతాయి. మే నెలలో బయటి వేడి ఒంటి వేడికి దగ్గరైనప్పుడు పీఐఆర్ మనిషిని సరిగా పసిగట్టలేకపోతుంది. కరెంటు లేని ఖాళీ స్థలానికి, తోటకు మాత్రం దానికి మించింది లేదు.

వైఫై కెమెరాలు చవకే, వాట్లూ తక్కువే, కానీ బయటినుంచి చూడాలంటే రౌటర్‌కూ బ్యాటరీ పెట్టాలి. అద్దె ఇంటికి చాలు. 4జీ సిమ్‌తో రోజంతా రికార్డు చేసేవాటికి పెద్ద ప్యానెల్, పెద్ద బ్యాటరీ కావాలి. ఇళ్లకు అనవసరం.

మా ఇంటికి నేను ఎంచుకున్నది వైరుదే: ఏఐ కెమెరాలోనే ఉన్నది, మనిషిని చూస్తేనే తెల్ల లైటు వేసేది, ఎస్‌డీ కార్డు పట్టేది. సముద్రానికి దగ్గరుండేవాళ్లు ఇంకొక్కటి చేయించండి. కేబుల్ కనెక్టర్‌ను గోడమీద వేలాడనివ్వకుండా జంక్షన్ బాక్సులో పెట్టించి మూయించండి. ఉప్పుగాలికి పిన్నులకు చిలుము పడితే కెమెరా ఆగి ఆగి పనిచేస్తుంది, తప్పు కెమెరాదనుకుంటాం. మా గేటు దగ్గర ఆ బాక్సును సెప్టెంబరు చివర్లో ఒకసారి విప్పి, తుడిచి, మళ్లీ బిగిస్తాను.