మెట్లు లేని స్టేషన్ కావాలా, మద్రాస్ సెంట్రల్‌కి పోండి

మా నెల్లూరోళ్ళకి ఆసుపత్రి పనున్నా పెళ్ళి చీరలున్నా మద్రాసే కాబట్టి సెంట్రల్ నాకు చిన్నప్పట్నించీ అలవాటే. 2019లో ఎంజీఆర్ పేరు పెట్టారు గానీ ఆ పేరు మొత్తం చదివేలోపు బండి వెళ్ళిపోద్ది, మా నోటికి సెంట్రలే.

మొన్న అమ్మని కళ్ళ చెకప్‌కి తీస్కపోతే గానీ దీని విలువ తెలీలా. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, బండి దిగ్గానే "మెట్లెక్కడరా" అని దిగులుగా అడిగింది. లేవమ్మా అంటే నమ్మదే. పట్టాలు ఇక్కడితో ఆఖరు, ప్లాట్‌ఫారాలన్నీ నేరుగా మెయిన్ హాల్లోకే వస్తాయి కాబట్టి బ్రిడ్జి ఎక్కే పనే లేదు, చక్రాల సూట్‌కేసు లాక్కుంటా రోడ్డు దాకా పోవచ్చు. 2కీ 3కీ మధ్యలో 2ఏ అని ఒక పొట్టి ప్లాట్‌ఫారం ఉంది, అది చూసి "ఇదేందిరా ఇంటి నంబరు మాదిరి" అనింది.

నేను చేసిన తప్పు మీరు చెయ్యబాకండి. వచ్చేటప్పుడు ఇంజిన్ పక్క బోగీలే హాల్ దగ్గర ఆగుతాయి, మాదేమో చివర్నించి రెండోది, 24 బోగీల బండంటే అర కిలోమీటర్ పైమాటే, దార్లో రెండుసార్లు అమ్మని సూట్‌కేస్ మీద కూచోబెట్టా. పెద్దోళ్ళుంటే బుక్ చేసేటప్పుడే బోగీ వరస చూస్కోండి.

ఇంకోటి, సూళ్ళూరుపేట, గుమ్మిడిపూండి లోకల్ బండ్లు మెయిన్ బిల్డింగ్‌లో దొరకవు, పక్కనే మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అని వేరే బిల్డింగ్. కాలేజీ రోజుల్లో మెయిన్ హాల్లో బోర్డు కేసి చూస్తా కూచుని లోకల్ పోగొట్టుకున్నోడ్ని నేను. తాంబరం వైపు లోకల్ అయితే రోడ్డుకి అవతల పార్క్ స్టేషన్. మదురై వైపు పోయే బండ్లు ఎక్కువగా ఎగ్మోర్ నించి, టికెట్ మీద స్టేషన్ పేరు ఒకటికి రెండుసార్లు చూస్కోండి.

బయట ఒక ఆటో అతను చెప్పిన రేటుకి అమ్మే "ఆటో కొనటానికా" అని తెలుగులోనే అడిగేసింది, ఆయనకి అర్థమయింది కూడా. మెట్రో కిందే ఉంది, బ్లూ లైన్ ఎక్కితే మారకుండా ఎయిర్‌పోర్ట్ దాకా పోవచ్చు.

టైముంటే మాత్రం రోడ్డు దాటి పెద్దాసుపత్రి వైపు నిలబడి ఒకసారి వెనక్కి చూడండి. 1873 నాటి స్టేషన్, ఆ ఎర్ర గోడలూ గడియారం గోపురం సాయంత్రం లైట్లేసినాక భలే ఉంటాయి, అమ్మ కళ్ళలో చుక్కల మందుతోనే చూసింది, మసగ్గా ఉన్నా బాగుందనింది.