'ఫెరెట్ సెట్టు' పంజరం: నల్లగొండలో ఒక ఎండాకాలం వాడిన తరువాత

ఫెరెట్ అంటే చూడడానికి ముంగిసలా ఉండే, మాంసం తినే చిన్న పెంపుడు జంతువు. గత ఫిబ్రవరిలో నల్లగొండలోని ఒక పెంపుడు జంతువుల దుకాణంలో 'ఫెరెట్ సెట్టు' అనే పేరుతో అమ్ముతున్న రెండంతస్తుల ఇనుప తీగల పంజరాన్ని 7,200 రూపాయలకు కొన్నాను. గుడ్డ ఊయల, నీళ్ల సీసా, మలవిసర్జన కోసం ప్లాస్టిక్ ట్రే, రెండు రబ్బరు బంతులు, తిరిగే చక్రం, కిలో మేత పొట్లం దానితో పాటు వచ్చాయి. జూన్ చివరి దాకా వాడి చూశాక నాకు తేలినది ఒక్కటే: ఇది కుందేలు పంజరం, పేరు మాత్రమే మార్చారు. అలాగని పారవేయవలసిన వస్తువేమీ కాదు. మరో వెయ్యి రూపాయల లోపు ఖర్చుతో దీనిని ఫెరెట్ ఉండగలిగే చోటుగా మార్చుకోవచ్చు, కాని ఆ పని కొన్న రోజునే చేయాలి.

మా ఇంటికి ఫెరెట్ వచ్చిన తీరు చిన్న సంగతి. హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు ఉద్యోగం మీద విదేశానికి వెళుతూ, తాను పెంచుకుంటున్న నాలుగేళ్ల ఆడ ఫెరెట్‌ను నాకు అప్పగించాడు. దాని పేరు చిట్టి. పంజరాన్ని ఆటోలోంచి దించుతున్నప్పుడే పక్కింటి పెద్దాయన "ఏం టీచరమ్మా, ముంగిసను సాదుతున్నరా?" అని అడిగారు. ఆ అనుమానం సహజమే, కాని ఫెరెట్ ముంగిస కాదు. ముంగిసను పట్టుకోవడం, ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఫెరెట్ ఐరోపాలోని పోల్‌క్యాట్ అనే జంతువు నుంచి మనుషులు రెండు వేల ఏళ్లకు పైగా మచ్చిక చేసుకుంటూ వచ్చిన పెంపుడు జాతి, ముంగిస కంటే మన కృష్ణా నదిలోని నీటికుక్కకే దగ్గరి చుట్టం.

పంజరంలో మొదట బయటపడిన లోపం తీగల మధ్య ఎడం. పక్క గోడల తీగల మధ్య ఒకటిన్నర అంగుళం ఖాళీ ఉంది. కుందేలుకు అది అడ్డంకే, కాని ఫెరెట్ తల దూరిన చోటల్లా దాని సన్నని, పొడవాటి, ఎటు పడితే అటు వంగే ఒళ్లు కూడా దూరుతుంది. తెచ్చిన రెండో రాత్రే చిట్టి బయటికి వచ్చింది. గంటన్నర వెతికితే ఫ్రిజ్ వెనక, మోటారు వెచ్చదనానికి ఆనుకుని నిద్రపోతూ దొరికింది. మరునాడు వెల్డింగ్ షాపుకు తీసుకువెళ్లి అరంగుళం గడుల జాలీని చుట్టూ బిగింపించాను, దానికి 550 రూపాయలు అయింది. తలుపు గడియ కూడా ముక్కుతో ఎత్తితే లేచిపోయేంత వదులుగా ఉండడంతో దానికి కొక్కెం అదనంగా పెట్టించవలసి వచ్చింది.

మేత పొట్లం విషయంలో మాత్రం నేను మెత్తగా రాయలేను. అందులో ఉన్నవి మొక్కజొన్న ముక్కలు, ఎండు బఠాణీలు, గోధుమ, పచ్చని గడ్డి గుళికలు. ఫెరెట్ పూర్తిగా మాంసాహారి. దాని పేగు పొట్టిగా ఉండి, తిన్నది మూడు నాలుగు గంటల్లోనే బయటికి వెళ్లిపోతుంది, పీచును పులియబెట్టి అరిగించుకోవడానికి కుందేలుకు ఉన్నటువంటి అంధనాళం అనే సంచిలాంటి పేగు భాగం దీనికి లేనేలేదు. గింజలు, తీపి పదార్థాలు పెట్టి పెంచితే దానికి బలం రాదు సరికదా, ఎండు బఠాణీ లాంటిది పేగులో అడ్డం పడి ప్రాణం మీదికి తెచ్చే ప్రమాదం ఉంది. అందుచేత ఆ పొట్లాన్ని పక్కన పెట్టి, మాంసకృత్తులు 35 శాతానికి పైగా, కొవ్వు 20 శాతం వరకు ఉన్న పిల్లికూనల మేతను కొన్నాను. దానికి తోడు చికెన్ షాపులో చవకగా దొరికే కందనకాయలు, గుండెకాయలు, అప్పుడప్పుడు కొద్దిగా కార్జం పెడుతున్నాను. పొట్ట తొందరగా ఖాళీ అయ్యే జంతువు కనుక రోజంతా కొంచెం కొంచెంగా తినడానికి గిన్నెలో మేత ఎప్పుడూ ఉండాలి.

రబ్బరు బంతులూ అంతే. ఫెరెట్‌కు రబ్బరును, స్పాంజిని కొరికి మింగే అలవాటు ఉంటుంది, ఆ ముక్కలు పేగును మూసివేస్తే ఆపరేషన్ తప్ప దారి ఉండదు. తిరిగే చక్రం చిట్టెలుకల సైజుది, చిట్టి దానిలో సగం కూడా పట్టలేదు.

ఇక ఎండ సంగతి. కొన్ననాడు దుకాణదారు పంజరాన్ని గాలి తగిలేలా బాల్కనీలో పెట్టుకోమని సలహా ఇచ్చారు. మే నెలలో 45 డిగ్రీలకు చేరే మన ఊళ్లో ఆ సలహా పాటించి ఉంటే ఒక్క మధ్యాహ్నంలో అంతా అయిపోయేది. ఫెరెట్‌కు చెమట పట్టి ఒళ్లు చల్లబడే ఏర్పాటు దాదాపు లేదు, గది వేడి 30 డిగ్రీలు దాటితేనే దానికి వడదెబ్బ ముప్పు మొదలవుతుంది. పంజరంలోని పై అంతస్తు నల్లటి ప్లాస్టిక్ పలక, కింది అంతస్తు రేకు. రెండూ వేడిని పట్టి ఉంచేవే. నేను పంజరాన్ని ఏసీ ఉన్న పడకగదిలోకి మార్చి, కింది రేకు మీద కొలతకు కోయించిన షాబాద్ బండను పరిచాను. ఈ మార్పుల్లో నాకు బాగా నచ్చినది ఇదే. కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి ఆ బండ మీద పెడితే, చిట్టి దాని పక్కన పొట్ట ఆనించి చపాతీలా పరుచుకుని పడుకునేది. కూలరు మాత్రం గదిని ఉక్కపోతగా మార్చడం తప్ప పెద్దగా ఉపయోగపడలేదు. నీళ్ల సీసా గొట్టం నుంచి చుక్కలుగా వచ్చే నీరు ఎండాకాలంలో చాలదు కనుక బరువైన పింగాణీ గిన్నె పెట్టాను.

సెట్టులో నిజంగా మెచ్చుకోదగినది గుడ్డ ఊయల. రోజుకు 14 నుంచి 18 గంటలు నిద్రపోయే జంతువుకు అదే అసలు ఇల్లు. కుట్టు గట్టిగా ఉంది, కొక్కేలు ఇప్పటికీ తుప్పు పట్టలేదు, వారానికోసారి ఉతికినా గుడ్డ వెలిసిపోలేదు. వాసన తగ్గడానికి వారం వారం స్నానం చేయించమని దుకాణంలో షాంపూ కూడా చూపించారు గాని, తరచూ స్నానం చేయిస్తే చర్మంలోని నూనె గ్రంథులు మరింత నూనె ఊరించి వాసనను పెంచుతాయి. ఊయలను, పరుపు గుడ్డలను ఉతికితేనే సగం వాసన పోతుంది. ట్రే అంచు ఎత్తు తక్కువ. ఫెరెట్ మూలకు వెనక్కి వెనక్కి నడిచి విసర్జిస్తుంది కనుక అందులో సగం ట్రేకు బయటే పడుతుంది.

పంజరంతో ఇచ్చిన కాగితంలో ఆరోగ్యం గురించి ఒక్క మాటా లేదు. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు ఫెరెట్‌కు సోకితే దాదాపు బతకదు, కుక్కల టీకాల్లో కొన్ని దీనికి పనికిరావు కనుక ఏది వేయాలో తెలిసిన డాక్టరే నిర్ణయించాలి. ఆడ ఫెరెట్‌కు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించకపోతే, జత కలవనంత కాలం ఎద ఆగక, రక్తహీనతతో చనిపోయే ప్రమాదం ఉంది. చిట్టికి ఆ ఆపరేషన్ మా తమ్ముడు ముందే చేయించాడు. మన ఫ్లూ కూడా దానికి సోకుతుంది కాబట్టి నాకు జ్వరం వచ్చిన వారం దాని పనులన్నీ మా అమ్మాయే చూసింది.

జులైలో దుకాణానికి వెళ్లి ఇవన్నీ చెప్పాను. యజమాని వాదించలేదు. "మేం గూడ హైదరాబాద్ నుంచి తెప్పిచ్చుడే మేడం, దీని సంగతి మాకు తెల్వది" అన్నారు. చక్రాన్ని, విప్పని బంతులను వెనక్కి తీసుకుని 400 రూపాయలు ఇచ్చారు. మేత పొట్లం తెరిచి ఉన్నందున తీసుకోలేదు, జాలీ ఖర్చు తమది కాదన్నారు. ఊయలకు, యజమాని మర్యాదకు కలిపి అయిదింటికి రెండు మార్కులు వేస్తున్నాను.