ఫెరస్ ఆస్కార్బేట్ ఐరన్ బిళ్ల: చాలాకాలం వాడాక

మందు మంచిదే. వేసుకునే వేళ దగ్గరే దారి తప్పుతుంది.

కొనేటప్పుడు స్ట్రిప్ మీద ఎలిమెంటల్ ఐరన్, అంటే బిళ్లలో ఉన్న అసలు ఇనుము, ఎంతో చూడండి. ఫెరస్ ఆస్కార్బేట్ బిళ్లల మీద 100 మి.గ్రా. అని ఉండేది మామూలుగా ఇనుము లెక్కే. ఫెరస్ సల్ఫేట్ 200 మి.గ్రా. బిళ్లలో మాత్రం ఇనుము దాదాపు 65 మి.గ్రా.లే. ప్రభుత్వం గర్భిణులకిచ్చే ఎర్ర బిళ్లలో 60 మి.గ్రా. ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. అంకె పెద్దదైతే బిళ్ల గొప్పదని కాదు.

ఖాళీ కడుపుతో వేసుకుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది: తిండికి గంట ముందు గానీ, తిన్న రెండు గంటలకు గానీ. చెప్పడం తేలికే, మన ఇళ్లలో పొద్దున్నే కాఫీ పడాలి కదా! పైగా థైరాయిడ్ మాత్ర ఒకటి. దానికీ ఐరన్‌కీ నాలుగు గంటల ఎడం ఉండాలి, థైరాయిడ్ మాత్రకీ కాల్షియానికీ అంతే. నాకు కుదిరిన పద్ధతి ఇది. ఆరింటికి థైరాయిడ్ మాత్ర, ఏడింటికి కాఫీ, ఎనిమిదింటికి టిఫిను, పదకొండింటికి గ్లాసు నిండా నీళ్లతో ఐరన్. ఒంటిగంటన్నరకు భోజనంతో పాటు కాల్షియం కార్బొనేట్, అది తిండితోనే అరుగుతుంది. డాక్టరు రాసిన వారపు 60,000 యూనిట్ల విటమిన్ డి3 కూడా అప్పుడే, అన్నంలో కాస్త నెయ్యి ఉంటే మేలు. పదకొండింటికి ఆఫీసులో టీ వస్తుంది. ఆ ఒక్క కప్పునూ గంట జరపకపోతే బిళ్ల సగం దండగే.

నిమ్మరసం తప్పనిసరేం కాదు, ఆస్కార్బేట్ అంటే విటమిన్ సి, అది బిళ్లలోనే ఉంది. గ్యాస్‌కి పాంటోప్రజోల్ రోజూ వాడుతుంటే మాత్రం ఇనుము సరిగా పట్టదు, డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి.

వికారం, మలబద్ధకం నిజమే. మానేసేకంటే రోజు విడిచి రోజు వేసుకోవడం గురించి డాక్టరును అడగండి. ఒక మోతాదు పడ్డాక హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి, మర్నాటి మోతాదును పేగు సరిగా తీసుకోనివ్వదు. అందుకని ఎడం ఇస్తే నష్టం తక్కువ. అప్పటికీ కడుపులో తిప్పితే అరటిపండుతో వేసుకోండి, పెరుగన్నంతో వద్దు. విరేచనం నల్లగా అవడం మామూలే. తారులా జిగటగా, దుర్వాసనతో ఉంటే ఐరన్ అనుకుని ఊరుకోకూడదు. సిరప్ వాడేవాళ్లు స్ట్రాతో తాగండి, లేకపోతే పళ్లకు గార పడుతుంది.

నెలకు హిమోగ్లోబిన్ ఒక గ్రాము కూడా పెరగకపోతే ముందు వేళలు సరిచూసుకోండి, ఆపైన రక్తం ఎక్కడైనా పోతోందా అన్నది డాక్టరు చూస్తారు. హిమోగ్లోబిన్ మామూలుకొచ్చాక ఇంకో మూడు నెలలు కొనసాగిస్తేనే నిల్వలు నిండుతాయి. చాలామంది సరిగ్గా అక్కడే ఆపేస్తారు.

అసలు మొదలుపెట్టేముందు ఫెరిటిన్, అంటే ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే రక్తపరీక్ష, చేయించుకోండి. వంశపారంపర్యంగా వచ్చే థలసీమియా ట్రెయిట్ అనే రక్తలక్షణం ఉన్నవాళ్లకూ హిమోగ్లోబిన్ తక్కువే ఉండొచ్చు, ఇనుము లోపం లేకపోతే ఈ బిళ్లతో వాళ్లకు ఒరిగేదేమీ లేదు. స్ట్రిప్ పిల్లలకు అందని చోట పెట్టండి. ఎర్రగా మిఠాయిలా కనిపించే ఆ బిళ్లలు నాలుగైదు మింగితే పసివాళ్ల ప్రాణం మీదకొస్తుంది.