బీజీవీ పోర్టల్: పనితనం బాగుంది, అడిగే తీరు బాగాలేదు

ఆఫర్ లెటర్ వచ్చిన వెంటనే కొత్త కంపెనీ నా వివరాలను ఒక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ సంస్థకి పంపింది. మనమంతా బీజీవీ అంటాం కదా, అదే. వాళ్ల పోర్టల్‌తో, వాళ్ల మనుషులతో నా అనుభవం రాస్తున్నాను. సంస్థ పేరు రాయడం లేదు. సర్వీసుకి మొత్తంగా 5కి 3 ఇస్తాను. వేగానికి, మర్యాదకి ఆ మూడూ. తగ్గించిన రెండూ మాత్రం చిన్న విషయాలకి కాదు.

ముందే ఒక మాట. వెరిఫికేషన్ ఉండాలనే మనుషుల్లో నేనూ ఒకదాన్ని. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని చేస్తాను. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టుకుని వచ్చినవాళ్ల పక్కన కూర్చుని వాళ్ల పని కూడా నెత్తినేసుకున్న రోజులు నాకు ఉన్నాయి. నిజంగా కష్టపడి నేర్చుకున్న ఫ్రెషర్‌కి రావాల్సిన సీటు ఒక దొంగ లెటర్ వల్ల పోతుంటే చూసి బాధపడ్డాను. కాబట్టి "నా గురించి ఎందుకు ఆరా తీస్తారు" అన్నది నా ఫిర్యాదు కాదు. ఎంతవరకు తీస్తారు, తీసింది ఎవరి దగ్గర ఉంచుతారు, నాకు ఎందుకు చూపించరు అన్నదే నా బాధ.

పోర్టల్ సంగతి. వృత్తిరీత్యా ఫారాల్లో తప్పులు వెతకడమే నా పని కాబట్టి కాస్త గట్టిగానే చూశాను. సగంలో ఆపినా నింపినవి పోలేదు. ఏ డాక్యుమెంట్ ఎందుకు తిరగ్గొట్టారో ఒక లైన్‌లో రాస్తున్నారు. చదువు, ఉద్యోగం, అడ్రస్, కోర్టు రికార్డు, ఐడీ, ఒక్కోదానికి విడిగా స్టేటస్ కనిపిస్తుంది. మొబైల్లో కూడా బాగానే తెరుచుకుంది. పాత ఉద్యోగాల తేదీలు మాత్రం రోజుతో సహా అడుగుతుంది, నెల, సంవత్సరం ఇస్తే ఒప్పుకోదు. రిలీవింగ్ లెటర్ దగ్గర పెట్టుకునే కూర్చోండి.

వాళ్లు పెట్టిన వాటిలో నాకు బాగా నచ్చింది ఒక చిన్న టిక్ బాక్స్. "ఇప్పుడున్న కంపెనీని ఇప్పుడే సంప్రదించవద్దు" అని. అది పెడితే చివరి కంపెనీ చెక్‌ని మనం అక్కడ రిలీవ్ అయ్యేదాకా ఆపుతారు. రాజీనామా నోటీస్ ఇవ్వకముందే మేనేజర్‌కి వెరిఫికేషన్ మెయిల్ వెళ్తే పరిస్థితి ఎలా ఉంటుందో ఉద్యోగం మారినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఈ బాక్స్ అన్ని పోర్టళ్లలోనూ ఉండాలి. లేకపోతే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి మరీ ఆ మాట రాయించుకోండి.

ఇక నచ్చనివి.

మొదటి పేజీలోనే అనుమతి పత్రం ఉంది. చిన్న అక్షరాల్లో, పొడుగ్గా, ఇంగ్లిష్‌లో మాత్రమే. నా చదువు, ఉద్యోగం, నివాసం, కోర్టు, క్రెడిట్ (అంటే అప్పుల) వివరాలు సేకరించవచ్చని, అనుబంధ సంస్థలతోనూ ఇతర వెండర్లతోనూ పంచుకోవచ్చని, "అవసరమైనంత కాలం" ఉంచుకోవచ్చని దాంట్లో ఉంది. అన్నిటికీ కలిపి ఒకే టిక్. టిక్ పెట్టకపోతే ముందుకు కదలదు. ఉద్యోగం చేతిదాకా వచ్చినవాళ్లు టిక్ పెట్టక ఏం చేస్తారు?

మన దేశంలో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిల బెంచ్ ప్రైవసీ ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పింది. ఆ తర్వాత 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. 2025 నవంబరులో రూల్స్ వచ్చాయి, కంపెనీల మీద అసలు బాధ్యతలు పెట్టే సెక్షన్లకి మాత్రం మరో పద్దెనిమిది నెలల గడువు పెట్టారు. ఆ చట్టం 6వ సెక్షన్ ప్రకారం అనుమతి అనేది స్వేచ్ఛగా, దేనికోసమో స్పష్టంగా తెలిసి ఇచ్చింది అయి ఉండాలి. ఆ పనికి అవసరమైన డేటాకే అది పరిమితం. చట్టంలోనే ఒక ఉదాహరణ ఇచ్చారు. ఫోన్లో డాక్టర్ సలహా ఇచ్చే యాప్ ఒకటి కాంటాక్ట్ లిస్ట్ కూడా అడిగితే, మనం సరే అన్నా ఆ లిస్ట్ వరకు ఆ అనుమతి చెల్లదు, ఎందుకంటే వైద్య సలహాకి దాంతో పని లేదు. ఈ లెక్కన టెస్టింగ్ ఉద్యోగానికి నా క్రెడిట్ హిస్టరీతో పనేమిటి? అదే అడిగాను. రెండో రోజుకి నా లిస్టులోంచి క్రెడిట్ చెక్ తీసేశారు. అందరికీ వాడే ప్యాకేజీలో అది ఉండటం వల్ల వచ్చిందట. అడగనివాళ్లందరికీ అది అలాగే జరిగిపోతుందన్నమాట.

ఇంకొకటి. ఏ డేటా ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసుని ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలని ఆ చట్టం చెబుతుంది. అంటే తెలుగులో కూడా. ఇదే సంస్థ సెక్యూరిటీ గార్డులకి, డెలివరీ చేసేవాళ్లకి, గోడౌన్ పనివాళ్లకి కూడా చెక్‌లు చేస్తుంది. వాళ్లలో ఎంతమంది ఆ ఇంగ్లిష్ పేజీ చదివి టిక్ పెట్టగలరు? గడువు తీరేదాకా ఆగకుండా ఇప్పుడే పెట్టాల్సిన పని ఇది.

ఐడీకి నేను మాస్క్డ్ ఆధార్ ఇచ్చాను, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించేది. ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైట్‌లోనే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. పోర్టల్ దాన్ని "స్పష్టంగా లేదు" అని తిరగ్గొట్టింది. పాన్, పాస్‌పోర్ట్ ఇప్పటికే ఇచ్చానని, పూర్తి నంబరు ఎందుకు కావాలో రాతపూర్వకంగా చెప్పమని మెయిల్ పెడితే అదే మాస్క్డ్ కాపీని తీసుకున్నారు.

తర్వాత ఫోన్ వచ్చింది. ఆ అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది, ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు. ఆమె అడిగిన యూఏఎన్ అంటే, కంపెనీలు మారినా మారని మన పీఎఫ్ నంబరు.

"మేడమ్, మీ యూఏఎన్ చెక్ పెండింగ్‌లో ఉంది. ఇప్పుడు మీ ఫోన్‌కి ఓటీపీ వస్తుంది, చెప్తారా?"

"ఓటీపీ ఎందుకండీ?"

"మీ పీఎఫ్ అకౌంట్‌లోకి వెళ్లి ఎంప్లాయ్‌మెంట్ హిస్టరీ తీసుకుంటాం మేడమ్. రెండు నిమిషాల్లో క్లోజ్ అయిపోతుంది."

"హిస్టరీ నేనే డౌన్‌లోడ్ చేసి పంపిస్తాను. ఓటీపీ ఇవ్వను."

"అందరూ ఇస్తారు మేడమ్…"

అందరూ ఇస్తారన్న మాట నిజమే అయ్యుంటుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని పీఎఫ్ ఖాతాలు చూసే ఈపీఎఫ్ఓనే పదేపదే చెబుతోంది. ఆ లాగిన్‌లో నెలనెలా పడిన పీఎఫ్, దాన్నిబట్టి మన బేసిక్ జీతం, ఖాతాలో ఉన్న మొత్తం, బ్యాంక్ అకౌంట్, నామినీ పేరు అన్నీ ఉంటాయి. వాళ్లకి కావాల్సింది ఏ కంపెనీలో ఎప్పుడు చేరి ఎప్పుడు మానేశామన్నది మాత్రమే. దానికి ఈపీఎఫ్ఓ పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీ అని విడిగా ఒక పేజీ ఉంది. కంపెనీ పేరు, చేరిన తేదీ, వదిలిన తేదీ ఉంటాయి, డబ్బు లెక్కలు ఉండవు. ఆ పేజీ పంపాను. చెక్ పూర్తయింది. ఓటీపీ లేకుండా కూడా పని అవుతుందన్నమాట, మరి ముందే ఆ దారి ఎందుకు చూపించరు?

నన్ను నిజంగా కలచివేసింది గ్యాప్ దగ్గర. నాన్నగారికి ఆరోగ్యం బాగోక మధ్యలో కొంతకాలం ఉద్యోగం మానేశాను. ఫారంలో "కుటుంబ సభ్యుల అనారోగ్యం" అన్న ఆప్షన్ ఎంచుకున్నాను. వెంటనే కింద ఎర్ర అక్షరాల్లో ఇంకో గడి తెరుచుకుంది. హాస్పిటల్ డిశ్చార్జ్ సమ్మరీ అప్‌లోడ్ చేయండి, 2 ఎంబీ లోపు, తప్పనిసరి.

డిశ్చార్జ్ సమ్మరీ అంటే ఏమిటో ఆ గడి పెట్టినవాళ్లకి తెలుసా అనిపించింది. దాంట్లో జబ్బు పేరు, పాత జబ్బుల చరిత్ర, టెస్టుల ఫలితాలు, రాసిన మందులు అన్నీ ఉంటాయి. అవి నావి కావు, నాన్నవి. ఆయన ఈ కంపెనీకి అప్లై చేయలేదు, ఏ టిక్కూ పెట్టలేదు. తన చివరి రోజుల కాగితాలు ఎవరో తెలియని ఆఫీసులో ఒక ఫోల్డర్‌లో ఉండటానికి ఆయన ఒప్పుకునేవారా? ఆ ప్రశ్న ఆయన్ని అడిగే వీలు నాకు లేదు. ఆయన తరఫున వద్దనే బాధ్యత మాత్రం నాదే అనుకున్నాను.

సపోర్ట్‌కి మెయిల్ రాశాను. ఆ కాలంలో నేను ఎక్కడా ఉద్యోగం చేయలేదని సంతకంతో డిక్లరేషన్ ఇస్తానని, సర్వీస్ హిస్టరీలో కూడా ఆ ఖాళీ కనిపిస్తుందని, ఇంకొకరి వైద్య వివరాలు ఇవ్వనని. ఒక సీనియర్ నుంచి మర్నాడే జవాబొచ్చింది. డిక్లరేషన్ చాలన్నారు. సంతోషించాను, మెచ్చుకుంటున్నాను కూడా. కానీ ఫారంలో ఆ గడి "తప్పనిసరి" అనే ఉంది. ప్రసవం కోసం, డిప్రెషన్ కోసం, గర్భస్రావం తర్వాత గ్యాప్ తీసుకున్నవాళ్లు ఆ ఎర్ర అక్షరాలు చూసి ఏం అప్‌లోడ్ చేసి ఉంటారో తలుచుకుంటే మనసు ఒప్పడం లేదు.

అడ్రస్ చెక్ లింక్ ద్వారా జరిగింది. లొకేషన్ ఆన్ చేసి గేటు ఫోటో తీసి పంపడమే. ఇరుగుపొరుగుని అడగలేదు, అది మేలు. కోర్టు రికార్డు చెక్ పేరు మీద వెతుకుతారు కాబట్టి మామూలు పేరున్నవాళ్లు తండ్రి పేరు, పూర్తి అడ్రస్, పుట్టిన తేదీ తప్పుల్లేకుండా ఇవ్వండి. వేరేవాళ్ల కేసు మన మీద పడకుండా కాపాడేవి అవే.

చివరికి స్టేటస్‌లో "పూర్తయింది" అని వచ్చింది. అంతా అయిపోయిందనుకున్నాను. కొత్త కంపెనీ హెచ్ఆర్ ఫోన్ చేసి "మీ రిపోర్ట్ యాంబర్ వచ్చింది" అన్నారు. ఈ రిపోర్టుల్లో ఆకుపచ్చ అంటే సరిపోయింది, ఎరుపు అంటే తేడా ఉంది, యాంబర్ అంటే ఎటూ తేలలేదు. నా మొదటి కంపెనీ మూతపడి చాలా కాలమైంది. వెరిఫై చేయలేకపోయామని వాళ్లు రాయడంలో తప్పులేదు. కానీ రాసింది ఏమిటంటే, "పలుమార్లు ప్రయత్నించినా సంస్థ స్పందించలేదు" అని. చదివినవాళ్లకి ఆ కంపెనీ ఉంది, నన్ను ఎరగదు అన్నట్టు అనిపించదా? జీతం మీద పన్ను కట్టినట్టు చూపించే ఫారం 16, ఫారం 26ఏఎస్, సర్వీస్ హిస్టరీ అన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో కంపెనీ పేరు కొడితే రిజిస్టర్ నుంచి తొలగించారని కనిపిస్తుంది. ఆ పేజీ నేనే తీసి హెచ్ఆర్‌కి పంపాను. యాంబర్ పోయి ఆకుపచ్చ అయింది.

ఇక్కడ నాకు జరిగింది మంచే, ఎందుకంటే ఆ హెచ్ఆర్ ఫోన్ చేశారు. చేయకుండా ఆఫర్ వెనక్కి తీసుకుని ఉంటే కారణం నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. రిపోర్ట్ కాపీ అడిగితే బీజీవీ సంస్థ "అది క్లయింట్‌ది, మేం ఇవ్వలేం" అంది. అమెరికాలో 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం కింద, ఇలాంటి సంస్థ ఇచ్చిన రిపోర్ట్ చూసి ఉద్యోగం నిరాకరించాలనుకుంటే ముందుగా ఆ రిపోర్ట్ కాపీని, హక్కుల వివరాల్ని అభ్యర్థికి ఇవ్వాలి. తప్పుంటే అభ్యర్థి ఎత్తిచూపొచ్చు, మామూలుగా 30 రోజుల్లో విచారించాలి. చెక్ చేస్తామన్న సంగతి కూడా విడి కాగితం మీద చెప్పి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. మన ఐటీ కంపెనీల క్లయింట్లలో ఎంతోమంది అమెరికావాళ్లే. అక్కడ పాటించే పద్ధతిని ఇక్కడి అభ్యర్థుల విషయంలో పాటించడానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు.

మన కొత్త చట్టంలో ఉద్యోగ అవసరాల కోసం యజమాని అనుమతి లేకుండానే డేటా వాడుకునే వెసులుబాటు ఒకటి ఉంది, 7వ సెక్షన్‌లో. యజమానికి నష్టం రాకుండా చూసుకోవడం లాంటి వాటికి అది. ఇంకా చేరని అభ్యర్థికి దాన్ని సాగదీయడం నా దృష్టిలో సరికాదు. అనుమతితో తీసుకున్న డేటా విషయంలో మాత్రం అదే చట్టం మనకి హక్కులిస్తోంది, పైన చెప్పిన పద్దెనిమిది నెలల గడువు వీటికీ ఉంది. ఏం తీసుకున్నారో, ఎవరికిచ్చారో అడగొచ్చు. తప్పులు దిద్దించుకోవచ్చు, పని అయిపోయాక తీసేయమనొచ్చు. బాధ్యత ప్రధానంగా ఉద్యోగం ఇచ్చే కంపెనీదే, బీజీవీ సంస్థ దాని తరఫున పనిచేసేది. కాబట్టి మెయిల్ రాసేటప్పుడు ఇద్దరికీ కలిపి రాయండి, "మమ్మల్ని కాదు వాళ్లని అడగండి" అనే మాటకి తావు లేకుండా.

నేను అలాగే రాశాను. సేకరించిన వాటి జాబితా, ఎంతకాలం ఉంచుతారు, ఏ వెండర్‌కి ఇచ్చారు, ఈ మూడూ అడిగాను. జాబితా వచ్చింది. గేటు ఫోటో తీసేశామన్నారు. వెండర్ల పేర్లు ఇంకా రాలేదు, అవి వచ్చేదాకా రేటింగ్ 3 దగ్గరే ఉంచుతున్నాను.