పాత ఇంటి మీద హోమ్‌స్టెడ్ మినహాయింపు: మనమే చెప్పడం మేలా, నోటీసు దాకా ఆగడం మేలా?

అమెరికాలో మనవాళ్లు చాలామంది స్కూళ్ల కోసమో ఉద్యోగం కోసమో కొత్త ఇంటికి మారి, పాతది అమ్మకుండా అద్దెకిస్తారు. ఆ పాత ఇంటి మీదున్న హోమ్‌స్టెడ్ మినహాయింపు, అంటే యజమాని తానే నివసించే ఇంటికి ఆస్తి పన్నులో ఇచ్చే తగ్గింపు సంగతి ఎవరికీ గుర్తుండదు. అద్దెకిచ్చాక దానికి అర్హత ఉండదు. ఏటేటా దరఖాస్తు పెట్టే పని లేదు కాబట్టి అది అలాగే కొనసాగుతుంది. విషయం తెలిశాక ఉన్నవి రెండే దారులు. మనంతట మనమే కౌంటీకి రాయాలి, లేదా నోటీసు వచ్చినప్పుడు చూసుకోవాలి. ఈ రెండో దారికి ఎంత ఖర్చవుతుందో రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది.

అన్నిటికంటే గట్టి దెబ్బ ఫ్లోరిడాలో. అక్కడ 10 ఏళ్లు వెనక్కి వెళ్లి లెక్క కడతారు. తగ్గిన పన్ను మొత్తం, దాని మీద 50 శాతం జరిమానా, ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. ఏటా 2,000 డాలర్లు మిగిలాయనుకుంటే మూడేళ్లకు అసలు 6,000, జరిమానా 3,000. మూడేళ్ల బాకీకి మూడేళ్ల వడ్డీ, రెండేళ్ల దానికి రెండేళ్లది, నిరుటి దానికి ఏడాదిది వేస్తే మరో 1,800. అంతా కలిపి 10,800. అసలు మొత్తం కూడా చాలామంది అనుకునే దానికంటే పెద్దదిగా ఉంటుంది. హోమ్‌స్టెడ్ ఉన్న ఇంటి పన్ను విలువ ఏటా 3 శాతానికి మించి పెరగదు. మినహాయింపు చెల్లదని తేలితే ఆ పరిమితీ పోతుంది, వెనకటి పన్ను మార్కెట్ విలువ మీద తిరగకడతారు. నోటీసు అందాక 30 రోజుల్లో కట్టకపోతే ఇంటి మీద లీన్ (బాకీ తీరేదాకా ఇంటిపై ఉండే హక్కు) వేస్తారు. కావాలని అబద్ధం రాసినట్టు రుజువైతే అది నేరం కూడా, ఏడాది దాకా జైలు, 5,000 డాలర్ల దాకా జరిమానా. పొరపాటు కౌంటీ ఆఫీసుదే అయితే మాత్రం జరిమానా, వడ్డీ ఉండవు.

టెక్సస్ లెక్క వేరు. అర్హత పోయాక వచ్చే మే 1 లోపు ఇంటి పన్ను విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే అయిదేళ్లు వెనక్కి వెళ్లి మినహాయింపు తీసేసి పన్ను వేస్తారు. స్కూలు పన్ను లెక్కలో ఇంటి విలువ నుంచి తీసేసే మొత్తం 2023లో లక్ష డాలర్లయింది, 2025 నుంచి 1,40,000. స్కూలు పన్ను నూటికి డాలరు ఉన్నచోట ఏడాదికి 1,400 డాలర్లు, పైగా అయిదేళ్లది ఒక్కసారే మీద పడుతుంది. 2023 చట్టం వచ్చాక ప్రతి హోమ్‌స్టెడ్‌నూ అయిదేళ్లకోసారైనా తిరిగి పరిశీలిస్తున్నారు కాబట్టి దొరకకుండా గడిచిపోతుందనే ఆశ పెట్టుకోవద్దు.

టెక్సస్‌లో అసలు ప్రమాదం కొత్త ఇంటి దరఖాస్తు దగ్గర ఉంది. 50-114 ఫారంలో వేరే ఇంటి మీద మినహాయింపు తీసుకోవడం లేదని సంతకం పెట్టాలి. పాతది రద్దు చేయించకుండా ఆ సంతకం పెడితే మరుపు కాస్తా అబద్ధపు వాంగ్మూలమవుతుంది. క్లాస్ ఏ మిస్‌డిమీనర్ (చిన్న తరహా నేరం) కింద ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల జరిమానా పడొచ్చు. ఇంకా పెద్ద నేరమైన స్టేట్ జైల్ ఫెలనీగా కూడా పెట్టొచ్చు. వీసా, గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లకు క్రిమినల్ కేసు భయం డబ్బు నష్టం కంటే పెద్దది.

కాలిఫోర్నియాలో తగ్గేది 7,000 డాలర్ల విలువ మీద పన్నే, అంటే ఏడాదికి దాదాపు 70 డాలర్లు. డిసెంబర్ 10 లోపు చెప్పకపోతే ఆ పన్నుతో పాటు 25 శాతం జరిమానా. అంత కొద్ది డబ్బు కోసం దాచడంలో అర్థం లేదు.

భర్త టాంపాలో, భార్య డాలస్‌లో ఉద్యోగం చేస్తూ రెండిళ్లకూ తీసుకోవచ్చా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. ఫ్లోరిడా రాజ్యాంగం ప్రకారం కుటుంబానికి ఒక్కటే. అమ్మానాన్నల కోసం హైదరాబాద్‌లో ఏడాది ఉండాల్సి వస్తే మాత్రం కంగారు అక్కర్లేదు. తిరిగొచ్చే ఉద్దేశం ఉండి, ఇంకోచోట ప్రధాన నివాసం పెట్టుకోకుండా, రెండేళ్లలోపు వచ్చేస్తే టెక్సస్‌లో మినహాయింపు పోదు. ఫ్లోరిడాలో ఆ ఏడాది ఇల్లు మొత్తం అద్దెకిస్తేనే చిక్కు.

కాబట్టి మూడు చోట్లా మనమే చెప్పడం మేలు. ఫ్లోరిడాలో ఇప్పటికే ఏళ్లు గడిచిపోయినా సరే, చెప్పినంత మాత్రాన జరిమానా మాఫీ కాదు గానీ, త్వరగా తేల్చి కట్టేస్తే పెరిగే వడ్డీ ఆగుతుంది. టెక్సస్‌లో ఇంకో లాభముంది. గడువు దాటిన దరఖాస్తును రెండేళ్ల వరకు తీసుకుంటారు. అందుకని పాత ఇంటిది రద్దు చేయించి, అవే ఏళ్లకు కొత్త ఇంటి మీద అడగండి. అక్కడ వెనక్కి వచ్చేది ఇక్కడి బాకీలో చాలా భాగానికి సరిపోవచ్చు.

ఉత్తరంలో ప్రాపర్టీ అకౌంట్ నంబరు, ఇల్లు ఖాళీ చేసిన తేదీ, అద్దె మొదలైన తేదీ, కొత్త మెయిలింగ్ అడ్రస్ రాయండి. సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి రసీదు దాచుకోండి. అడ్రస్ మార్చడం మరిస్తే నోటీసు అద్దెకున్నవాళ్ల చేతికి వెళ్తుంది, ఫ్లోరిడాలో ఆ 30 రోజులు మీకు తెలియకుండానే అయిపోతాయి. లోన్ ఉంటే ఎస్క్రో వాయిదా (పన్ను కోసం బ్యాంకు నెలనెలా తీసుకునే మొత్తం) పెరుగుతుందని బ్యాంకుకు కూడా ముందే చెప్పి, అద్దె ఆ లెక్కతో నిర్ణయించుకోండి.